రెపో పెరిగితే మొత్తం పెంచారు, రెపో కదలకపోయినా ఇంకొంత పెంచారు. బ్యాంకును జవాబు అడిగేదెలా?

లెక్కల టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 2021 జూన్‌లో నేనూ మావారూ కలిసి ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 30 లక్షల హోమ్ లోన్ తీసుకున్నాం. ఇరవై ఏళ్ల గడువు. శాంక్షన్ లెటర్లో ఉన్నది ఇది: రెపో (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే రేటు) 4.00, దాని మీద స్ప్రెడ్ (బ్యాంకు తనకోసం కలుపుకునేది) 2.75, మొత్తం 6.75 శాతం. ఈఎంఐ 22,811 రూపాయలు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంకు రెపోను 6.50 దాకా తీసుకెళ్లింది. మా రేటు 9.25 అయింది. దీని మీద నాకు ఫిర్యాదు లేదు, మేం సంతకం పెట్టింది ఫ్లోటింగ్ రేటుకే, అంటే రెపోతో పాటు మారే రేటుకే. కానీ ఈఎంఐ అలాగే ఉంచి గడువు పొడిగించారు, ఆ సంగతి మాకు చెప్పలేదు. అప్పటికి బాకీ దాదాపు 29 లక్షలు. 9.25 శాతం లెక్కన నెల వడ్డీయే 22,354. మేం కట్టేది 22,811. అసలులో తీరేది 457 రూపాయలు! అదే రేటు, అదే కిస్తీ కొనసాగితే అప్పు తీరడానికి 509 నెలలు పడుతుంది, అంటే 42 ఏళ్ల పైమాట. నాకప్పుడు నలభై నిండాయి. నా రిటైర్మెంటు 62కి. ఎనభై దాటినా కట్టాల్సిన అప్పుగా అది మారిపోతే ఒక్క ఎస్ఎంఎస్ రాలేదు.

అది తెలిశాక బ్రాంచికి వెళ్లి పట్టుబట్టి ఈఎంఐ 28,000 చేయించుకున్నాను. అసలు గొడవ ఆ తర్వాతది.

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో 6.50 నుంచి 5.50కి దిగింది. మా రేటు 8.25కి రావాలి. సెప్టెంబరు స్టేట్‌మెంట్లో 8.65 అని ఉంది. పాత స్టేట్‌మెంట్లన్నీ తీయించి వరసగా పేర్చి చూశాను. 2024 జులైలో రెపో కదలకుండానే మా రేటు 9.25 నుంచి 9.65 అయింది. అంటే స్ప్రెడ్‌ను 2.75 నుంచి 3.15 చేశారు. మేం ఒక్క కిస్తీ తప్పలేదు. సిబిల్ స్కోర్ లోన్ తీసుకున్నప్పటికంటే ఇప్పుడే మెరుగ్గా ఉంది.

0.40 అంటే చిన్నదిగా కనబడుతుంది కదా. ఇప్పుడు బాకీ 27 లక్షల 80 వేలు. ఏడాదికి 11,120 రూపాయలు ఎక్కువ వడ్డీ. 2024 జులై నుంచి ఇప్పటిదాకా చూస్తే 15 వేలకు అటూ ఇటూ. నెలకు 28,000 చొప్పున కట్టుకుంటూ పోతే 8.25 దగ్గర 168 కిస్తీల్లో తీరాల్సిన అప్పు 8.65 దగ్గర 175 దాటుతుంది. ఆ ఏడెనిమిది కిస్తీల విలువ రెండు లక్షల పైనే. ఒక టీచరు ఇంట్లో రెండు లక్షలంటే పిల్లవాడి రెండేళ్ల కాలేజీ ఫీజు.

బ్రాంచి మేనేజరు మర్యాదగానే మాట్లాడారు. "సిస్టమ్‌లో అలా వస్తోంది మేడం, మా చేతిలో లేదు" అన్నారు. రాతపూర్వకంగా అడిగితే "బ్యాంకు పాలసీ ప్రకారం" అని రెండు వాక్యాల జవాబిచ్చారు.

నా ప్రశ్నలు రెండు. స్ప్రెడ్‌ను బ్యాంకు తన ఇష్టమొచ్చినట్టు పెంచవచ్చా? రెండోది నాకు ఎక్కువ ముఖ్యం. మా స్టాఫ్‌రూమ్‌లోనే ఇదే బ్యాంకులో ఇదే రకం లోన్ తీసుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. నేను పోట్లాడి నా 15 వేలు నేను తెచ్చుకుంటే వాళ్ల మాటేమిటి? అడగడం చేతకానివాళ్ల దగ్గర తీసుకున్న డబ్బుకి బ్యాంకు చేత జవాబు చెప్పించే దారి ఏదైనా ఉందా?

రిటైర్డ్ క్రెడిట్ ఆఫీసర్

అమ్మా, మీ లెక్క సరిగ్గా ఉంది. నేను సర్వీసులో ఎక్కువ కాలం రిటైల్ లోన్ల విభాగంలోనే పనిచేశాను, కాబట్టి లోపలి సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లన్నీ బయటి బెంచ్‌మార్కుకే, అంటే బ్యాంకు చేతిలో లేని ఒక ప్రామాణిక రేటుకే ముడిపెట్టాలి. చాలా బ్యాంకులు రెపోను ఎంచుకున్నాయి. ఎందుకీ నిబంధన వచ్చిందో తెలిస్తే మీ కేసు బలం తెలుస్తుంది. 2010లో బేస్ రేటు వచ్చింది, 2016లో ఎంసీఎల్ఆర్ వచ్చింది. రెండూ బ్యాంకు తన లోపలి ఖర్చుల్ని బట్టి తనే కట్టుకునే లెక్కలు. రెపో తగ్గినా పాత ఖాతాదారుడి రేటు తగ్గేది కాదు, కొత్తగా వచ్చేవాడికి మాత్రం తక్కువకి ఇచ్చేవాళ్లం. 2017లో రిజర్వ్ బ్యాంకు వేసిన అంతర్గత అధ్యయన బృందం ఈ లెక్కల్లోనూ స్ప్రెడ్‌లోనూ బ్యాంకులు ఇష్టారాజ్యంగా వ్యవహరించాయని రిపోర్టులోనే రాసింది. బెంచ్‌మార్కును బ్యాంకు చేతుల్లోంచి తీసేయాలని సిఫారసు చేసిందీ ఆ బృందమే.

బెంచ్‌మార్కు చేజారిన తర్వాత బ్యాంకు చేతిలో మిగిలింది స్ప్రెడ్ ఒక్కటే. అందుకే దానికీ కళ్లెం వేశారు. మొదట స్ప్రెడ్ ఎంత పెట్టుకోవాలన్నది బ్యాంకు ఇష్టం. ఒకసారి లోన్ ఇచ్చాక మాత్రం అందులోని క్రెడిట్ రిస్క్ ప్రీమియంను (అప్పు తిరిగి రాకపోవచ్చన్న భయానికి కలిపే భాగాన్ని) ఊరికే మార్చడానికి లేదు. అప్పు తీసుకున్నవాళ్ల క్రెడిట్ అంచనా గణనీయంగా మారితేనే, అదీ అగ్రిమెంట్లో రాసుకున్న ప్రకారమే మార్చాలి. స్ప్రెడ్‌లో మిగతా భాగాల్ని, అంటే నిర్వహణ ఖర్చుల్లాంటివాటిని, మూడేళ్లకొకసారి మాత్రమే పెంచవచ్చు.

ఇక్కడ ఆగి తేదీలు చూడండి. మీ లోన్ 2021 జూన్. స్ప్రెడ్ పెరిగింది 2024 జులై. సరిగ్గా మూడేళ్లు నిండాక! కాబట్టి రేపు బ్యాంకు "క్రెడిట్ రిస్క్ కాదు, ఆపరేటింగ్ కాస్ట్ సవరించాం" అనవచ్చు. అది ముందే ఊహించి ఉత్తరం రాయండి. "స్ప్రెడ్ ఎందుకు పెంచారు" అని మాత్రం అడగొద్దు, దానికి మళ్లీ "పాలసీ" అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి: 2021లో నా 2.75లో క్రెడిట్ రిస్క్ ఎంత, మిగతా భాగాలు ఎంతెంత? 2024 జులైలో 3.15 అయినప్పుడు వాటిలో ఏది మారింది, ఎంత మారింది? ఏ తేదీన, ఎవరి ఆమోదంతో? నాకు ఎప్పుడు, ఏ పద్ధతిలో తెలియజేశారు?

చివరి ప్రశ్న చిన్నది కాదు. 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వడ్డీ రీసెట్ (రేటు మార్పు) వల్ల ఈఎంఐ గానీ గడువు గానీ పెరిగితే ఖాతాదారుకు వెంటనే తెలపాలి. ఈఎంఐ పెంచుకోవడమా, గడువు పొడిగించుకోవడమా, రెండూ కొంచెం కొంచెమా అన్నది ఖాతాదారే ఎంచుకోవాలి. గడువు పొడిగింపు వల్ల కిస్తీ వడ్డీకి కూడా చాలని స్థితి రాకూడదు. ప్రతి మూడు నెలలకూ ఒక స్టేట్‌మెంట్ అందుబాటులో ఉంచాలి. అందులో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ, మిగిలిన కిస్తీలు, వార్షిక రేటు ఉండాలి. పాత లోన్లకు కూడా 2023 డిసెంబరు 31 లోపు ఇవన్నీ అమలు చేయమన్నారు. మీ 457 రూపాయల అనుభవం దేశమంతా జరిగింది, దాని మీద వచ్చిన ఫిర్యాదుల వల్లే ఆ సర్క్యులర్ పుట్టింది. 2024 జులైలో మీ రేటు పెరిగి, కిస్తీ అదే ఉంది కాబట్టి గడువు పెరిగింది. అది మీకు చెప్పకపోతే, స్ప్రెడ్ మార్పు సరైనదే అయినా అక్కడ నిబంధన తప్పినట్టే.

మీ మేనేజరు "మా చేతిలో లేదు" అన్నది నిజం. బ్రాంచిలో కూర్చుని ఎవరూ ఒక ఖాతాకు స్ప్రెడ్ మార్చరు. హెడ్ ఆఫీసులో ఒక స్కీమ్ కోడ్‌కి రేటు మారిస్తే, ఆ కోడ్ కింద ఉన్న ఖాతాలన్నిటికీ ఒక్క రాత్రిలో మారిపోతుంది. మీ రెండో ప్రశ్నకు ఆధారం ఇందులోనే ఉంది. ఇది మీ ఒక్కరికే జరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

కొత్త ఇంటివాడు

మేడం, ఇంత శ్రమెందుకు? ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కి ఫోర్‌క్లోజర్ ఛార్జీలు (ముందే తీర్చేస్తే వేసేవి) లేవు, 2012లోనే తీసేశారు. వేరే బ్యాంకుకి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకోండి, అంటే మిగిలిన అప్పును అక్కడికి మార్చుకోండి. నేను అదే చేశాను. ట్రాన్స్‌ఫర్ లెటర్ అడగ్గానే పాత బ్యాంకువాళ్లే ఫోన్ చేసి రేటు తగ్గిస్తామన్నారు.

లెక్కల టీచర్

తమ్ముడూ, మంచి సలహానే, రేపటి రేటు కోసం అది చూస్తాను. కానీ కొత్త బ్యాంకులో ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, డాక్యుమెంట్ల డిపాజిట్ రిజిస్ట్రేషన్ అన్నీ మళ్లీ నేనే కట్టాలి. తీసుకున్నది వాళ్లు, బయటికి వచ్చే ఖర్చు నాది. పైగా మీరు చెప్పిన దాంట్లోనే ఒక సంగతి ఉంది: వెళ్లిపోతానంటే తగ్గించగలిగిన రేటును వెళ్లరని తెలిసినవాళ్ల దగ్గర ఎందుకు వసూలు చేస్తున్నారు? మా స్కూల్ అటెండరుకి ఇదే బ్యాంకులో 12 లక్షల లోన్ ఉంది. ఆయనకు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అనే మాటే తెలియదు.

లీగల్ ఎయిడ్ వాలంటీర్

నేను వినియోగదారుల కేసుల్లో సాయపడుతుంటాను. మేడం, ఉత్తరం రాసేముందు ఒక్క విషయం. "వడ్డీ ఎక్కువగా ఉంది, అన్యాయం" అనే వాదనతో ఎక్కడికీ వెళ్లకండి. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో 21ఏ అనే సెక్షన్ ఉంది. వడ్డీ రేటు మరీ ఎక్కువన్న కారణంతో బ్యాంకుతో జరిగిన లావాదేవీని కోర్టులు తిరగతోడకూడదని అది చెబుతుంది. రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) స్కీమ్‌లోనూ ఇలాంటిదే ఇంకోటి ఉంది: బ్యాంకు వాణిజ్యపరంగా తీసుకున్న నిర్ణయాల మీద ఫిర్యాదు తీసుకోరు. బ్యాంకుల తరఫు లాయర్లు మొదట ఎత్తేవి ఈ రెండే. ఎంతోమంది న్యాయమైన ఫిర్యాదులు ఇక్కడే కొట్టుకుపోతాయి, నేను కళ్లారా చూశాను.

మీ మాట వేరుగా ఉండాలి. "రేటు ఎంతైనా కావచ్చు, రెపో మీద 2.75 అని రాసిచ్చారు. రాసిచ్చిన దానికీ, రిజర్వ్ బ్యాంకు ఆదేశానికీ విరుద్ధంగా 3.15 వసూలు చేశారు. ఇది సేవాలోపం." అప్పుడది రేటు ఎక్కువా తక్కువా అన్న తగాదా కాదు, ఒప్పందం తప్పిన తగాదా. ఉత్తరంలో మొదటి పేరా ఇదే ఉండనివ్వండి.

వరస కూడా ముఖ్యం. ముందు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలి. బ్రాంచికి ఇచ్చిన ఉత్తరంతో ఆగకండి, నోడల్ అధికారికి (బ్యాంకులో ఫిర్యాదులు చూసే పై అధికారికి) పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. 2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే స్కీమ్, ఒకే పోర్టల్. ఫీజు లేదు. దానికీ గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. మీరే వేసుకోవచ్చు, లాయరు చేత వేయించకూడదు. బ్యాంకుకి ఇవ్వకుండా నేరుగా వెళ్తే తీసుకోరు. ఇదే విషయం మీద ఏదైనా కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తున్నా తీసుకోరు. అందుకే అంబుడ్స్‌మన్ ముందు, కన్స్యూమర్ కమిషన్ తర్వాత.

ఇంకో మెట్టు గురించి చాలామందికి తెలియదు. పెద్ద బ్యాంకుల లోపల ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ ఉంటారు. మీ ఫిర్యాదును పూర్తిగా గానీ కొంత గానీ తోసిపుచ్చాలంటే బ్యాంకు దాన్ని ముందు వాళ్లకు పంపాలి. "పాలసీ ప్రకారం" అనే రెండు వాక్యాల జవాబు వాళ్ల దాకా వెళ్లి వచ్చిందా అని అడగండి.

కమిషన్‌కి వెళ్లాల్సి వస్తే రెండేళ్ల గడువు ఉంది. స్ప్రెడ్ మారింది 2024 జులై అంటున్నారు కాబట్టి 2026 జులైతో అది తీరుతుంది. ప్రతి నెలా ఎక్కువ వసూలవుతూనే ఉందని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోవద్దు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, లాయరు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు.

రెండో ప్రశ్నకి: వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 35(1)(సి) చూడండి. ఒకే ప్రయోజనం ఉన్న చాలామంది తరఫున ఒకరో కొందరో కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు వేయవచ్చు. దానికి అందరిదీ ఒకటే సమస్య అని చూపించాలి. మీది ప్రభుత్వ రంగ బ్యాంకు అన్నారు కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పది రూపాయల ఫీజు. పేర్లు, ఖాతాలు అడిగితే ఇవ్వరు. ఫలానా తేదీన ఈ స్కీమ్ కోడ్ కింద స్ప్రెడ్ మారిన ఖాతాలు ఎన్ని, ఆమోదించిన బోర్డు పాలసీ ప్రతి, అంతవరకే అడగండి. వాణిజ్య రహస్యం అంటారేమో, అప్పీలు చేయండి.

డబ్లిన్ నుంచి

అక్కా, నేను ఐర్లండ్‌లో ఉంటాను. ఇక్కడ జరిగింది మీ రెండో ప్రశ్నకి దగ్గరగా ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ ట్రాకర్ మార్ట్‌గేజ్ అని ఉండేది. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు, దాని మీద స్థిరమైన మార్జిన్. మన రెపో ప్లస్ స్ప్రెడ్ లాంటిదే. 2008 తర్వాత ఆ రేటు బాగా పడిపోవడంతో ట్రాకర్లు బ్యాంకులకు నష్టంగా మారాయి. కొత్తవి ఇవ్వడం మానేశారు. పాతవాళ్లలో మధ్యలో కొంతకాలం ఫిక్స్‌డ్ రేటుకి వెళ్లినవాళ్లకి, గడువు అయ్యాక మళ్లీ ట్రాకర్‌కి వచ్చే హక్కు ఉన్నా ఇవ్వలేదు. కొందరికి ఇచ్చారు కానీ తప్పు మార్జిన్‌తో. ఏళ్ల తరబడి ఎక్కువ కట్టారు. కొందరు ఇళ్లే పోగొట్టుకున్నారు.

మొదట్లో ఇక్కడా ఒక్కొక్కళ్లే కొట్లాడారు. ఒక్కొక్కళ్లకే ఇచ్చి మిగతావాళ్ల ఊసెత్తలేదు. 2015 చివర్లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ పరీక్ష మొదలుపెట్టాక దారి మారింది. ఫిర్యాదు చేసినవాళ్ల ఫైళ్లు మాత్రమే చూస్తే చాలదు, బ్యాంకులు తమ ఖాతాలన్నీ తామే వెతకాలి, నష్టపోయినవాళ్లని తామే గుర్తించాలి, ముందు రేటు సరిచేయాలి, తర్వాత డబ్బు తిరిగిచ్చి పరిహారం కూడా ఇవ్వాలి అన్నారు. ఇచ్చింది చాలదనుకుంటే వెళ్లడానికి బ్యాంకుతో సంబంధం లేని అప్పీల్ ప్యానెళ్లు పెట్టించారు. 2019 జులైలో తుది రిపోర్టు వచ్చేసరికి తేలిన బాధితులు దాదాపు 40 వేల మంది, తిరిగి ఇచ్చింది 68 కోట్ల యూరోల పైన. జరిమానాలు వేరు. 2022లో బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ ఒక్కదానికే 10 కోట్ల యూరోల పైన వేశారు. 2023లో చట్టం కూడా మార్చారు, సంస్థతో పాటు ఆ పనికి బాధ్యుడైన సీనియర్ అధికారి కూడా వ్యక్తిగతంగా జవాబు చెప్పుకునేలా.

అంతా బాగుందని కాదు. చాలామందికి పది పన్నెండేళ్లు పట్టింది. కానీ ఒక్క మార్పుతో ఎంతో తేడా వచ్చింది: నష్టపోయినవాళ్లని వెతికే బాధ్యత నష్టపోయినవాళ్ల మీది నుంచి బ్యాంకు మీదికి మారింది.

రిటైర్డ్ క్రెడిట్ ఆఫీసర్

బాబు చెప్పినది మన దగ్గర అసలు లేదని కాదు. రెండు ఉదాహరణలున్నాయి.

2020 మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం, అంటే కిస్తీలు వాయిదా వేసుకునే వీలు ఇచ్చారు కదా. ఆ ఆరు నెలలకు వడ్డీ మీద వడ్డీ, అపరాధ వడ్డీ వేయకూడదని, వేసి ఉంటే తిరిగి జమ చేయాలని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకి వెళ్లినవాళ్లకే కాదు, అందరికీ వర్తించింది. బ్యాంకులు లెక్కలు వేసి ఖాతాల్లో సర్దుబాటు చేయాల్సి వచ్చింది. కాబట్టి "అన్ని లక్షల ఖాతాలకి ఎలా లెక్కేస్తాం" అనే మాట ఎవరన్నా నమ్మకండి. కోడ్ మార్చి వసూలు చేయగలిగినవాళ్లు అదే కోడ్‌తో వెనక్కి ఇవ్వగలరు.

రెండోది 2024 ఏప్రిల్ 29 సర్క్యులర్. రిజర్వ్ బ్యాంకు తనిఖీలకు వెళ్లినప్పుడు చూసినవి అందులో రాసింది. డబ్బు చేతికి ఇచ్చిన తేదీ నుంచి కాకుండా లోన్ మంజూరు తేదీ నుంచో అగ్రిమెంట్ తేదీ నుంచో వడ్డీ వేయడం, చెక్కు మీద తేదీ నుంచి వేసి చెక్కును మాత్రం చాలా రోజుల తర్వాత ఇవ్వడం, నెల మధ్యలో ఇచ్చినా తీర్చినా నెలంతటికీ వడ్డీ లాగడం, ఒకటో రెండో కిస్తీలు ముందే తీసుకుని కూడా మొత్తం సొమ్ము మీద వడ్డీ లెక్కేయడం. ఇలా దొరికిన చోటల్లా ఖాతాదారులకు తిరిగి ఇవ్వమని చెప్పామని కూడా రాసింది. మిగతా సంస్థలన్నీ తమ పద్ధతులు సరిచూసుకోవాలంది. ఇది చదువుతున్నవాళ్లంతా లోన్ తీసుకున్న మొదటి నెల స్టేట్‌మెంట్ ఒకసారి తెరిచి చూడండి, వడ్డీ ఏ తేదీ నుంచి మొదలైందో.

నాకు అందులో నచ్చనిది ఒక్కటే, ఏ సంస్థ అలా చేసిందో పేర్లు లేవు, ఎంతమందికి ఎంత తిరిగి వచ్చిందో లేదు. జరిమానా వేసినప్పుడు రిజర్వ్ బ్యాంకు ప్రెస్ నోట్ ఇస్తుంది, అందులో బ్యాంకు పేరుంటుంది. కానీ ఆ జరిమానా ఖాతాదారుకు రాదు. పేరు బయటపెట్టడం, డబ్బు తిరిగి ఇవ్వడం ఈ రెండూ ఒకే కాగితం మీద కనబడాలని సర్వీసులో ఉన్నప్పుడూ అనుకునేవాణ్ణి, ఇప్పుడూ అదే అంటాను.

అద్దింట్లోనే ఉన్నాం

సార్, మాది బ్యాంకు కాదు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. రెపో తగ్గినా మా రేటు కదల్లేదు. అడిగితే "కన్వర్షన్ ఫీజు కడితే తగ్గిస్తాం" అంటున్నారు. మాకు ఈ నిబంధన వర్తిస్తుందా?

రిటైర్డ్ క్రెడిట్ ఆఫీసర్

అమ్మా, 2019 బెంచ్‌మార్కు నిబంధన బ్యాంకులకే. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు తమ సొంత ప్రైమ్ లెండింగ్ రేటు మీద నడుస్తాయి, అందుకే రెపోతో పాటు కదలాలని లేదు. 2023 ఆగస్టు సర్క్యులర్ మాత్రం వాళ్లకీ వర్తిస్తుంది. గడువు ఎంత పెరిగిందో, ఎన్ని కిస్తీలు మిగిలాయో రాతపూర్వకంగా అడగండి. ఫీజు కట్టేముందు, తగ్గే రేటు వల్ల అది ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో లెక్క వేయించుకోండి. లెక్కల టీచర్ గారు ఇక్కడే ఉన్నారు.

లెక్కల టీచర్

అమ్మా, మీ బాకీ, ఇప్పటి రేటు, ఇస్తామన్న రేటు, ఫీజు, ఈ నాలుగూ పెట్టండి. ఇవాళే వేసి ఇస్తాను.

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఉత్తరం తిరగరాశాను. మొదటి పేరా వాలంటీర్ గారు చెప్పినట్టే, ఒప్పందం ప్రకారం 2.75, వసూలు చేసింది 3.15. తర్వాత సార్ చెప్పిన ప్రశ్నలు. వాటి కింద నెల నెలకీ బాకీ, వేసిన వడ్డీ, వేయాల్సిన వడ్డీ, తేడా, ఒక పట్టిక. ఆ పట్టికలో ఏ గడి తప్పో చూపించమని అడిగాను. "పాలసీ" అని రాసి దాన్ని దాటేయడం కుదరదు.

చివర్లో ఇంకో పేరా చేర్చాను. ఇది ఉన్నదున్నట్టు పెడుతున్నాను, బాగోలేకపోతే చెప్పండి: "ఈ మార్పు నా ఒక్క ఖాతాకే జరిగిందా, లేక ఇదే స్కీమ్ కింద ఉన్న అందరికీ జరిగిందా తెలియజేయగలరు. అందరికీ జరిగి ఉంటే, నాకు మాత్రమే సర్దుబాటు చేసి ఈ ఫిర్యాదును ముగించినట్టుగా నేను అంగీకరించను. తీసుకున్నప్పుడు ఎవరి దరఖాస్తూ లేకుండా అందరి దగ్గరా తీసుకున్నారు కనుక, తిరిగి ఇచ్చేటప్పుడు కూడా దరఖాస్తు అడగకుండా అందరికీ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

అంబుడ్స్‌మన్ ఈ చివరి కోరికను తీర్చలేకపోవచ్చని తెలుసు, ఆయన ముందుకొచ్చేది నా ఖాతా ఒక్కటే. అయినా రికార్డులో ఉండాలి. ఇదే పేరా ఇంకో వందమంది ఫిర్యాదుల్లో కూడా కనబడితే అప్పుడు రిజర్వ్ బ్యాంకు దాన్ని ఒక టీచరు తగాదాగా చూడలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికి ముగ్గురి స్టేట్‌మెంట్లు చూశాను. ఇద్దరికి 2024 జులైలోనే సరిగ్గా 0.40 పెరిగింది. మూడో ఆవిడ లోన్ 2022ది, ఆమెకు మారలేదు. మూడేళ్లు నిండాకే మార్చారన్న సార్ ఊహ నిజమయ్యేలా ఉంది, కానీ ఇంకా కొన్ని చూస్తే గానీ గట్టిగా చెప్పలేను. అటెండరు గారివి సోమవారం తెస్తానన్నారు.

2019 అక్టోబరు తర్వాత రెపో లింకు హోమ్ లోన్ తీసుకున్నవాళ్లు ఇక్కడ మూడు అంకెలు రాయండి చాలు: లోన్ తీసుకున్న నెల, శాంక్షన్ లెటర్లో స్ప్రెడ్, ఇప్పటి స్ప్రెడ్. ఇప్పటి స్ప్రెడ్ తెలియకపోతే మీ రేటులోంచి చివరి రీసెట్ నాటి రెపో తీసేయండి, వచ్చేది అదే. పేర్లు, ఖాతా నంబర్లు, బ్రాంచి వివరాలు దయచేసి పెట్టకండి. పట్టిక నేను చేస్తాను.